ఎవరిదీ కాని స్తంభం

పడుగు కడ్డీని పట్టుకున్న మారక్క దాన్ని మళ్లీ వదల్లేకపోయింది.

చౌడమ్మ వీధిలో ఉన్నవాళ్లంతా చూశారు. ఇంకా ఎండ ఎక్కలేదు. వీధి పొడవునా పట్టు పడుగు, చీరకు నిలువుగా వచ్చే పోగుల వరస, పరిచి ఉంది. ఆడవాళ్లు దానికి రెండు పక్కలా నిలబడి తెగిన పోగులు ముడివేస్తూ, పల్చటి గంజినీళ్లు చిలకరిస్తున్నారు. ఆ ఇళ్లలో పడుగుకు పోసే గంజి పిల్లలు తాగే గంజి కంటే చిక్కగా ఉంటుంది. తడి ఆరేలోపు పడుగును బిగించి కట్టాలి. గోవిందప్ప పడుగు చివరి ఇనుపకడ్డీకున్న గొలుసును లాక్కుపోయి, దాని కొక్కేన్ని ఎండుకర్రతో ఎత్తి కరెంటు స్తంభానికి తగిలించాడు.

"ఊఁ, లాగు మారక్కా! పొద్దున సంగటి తినలేదా యేమి?" అన్నాడు.

"మీ ఇంట్లో పెట్టింటే తిందును గదా మామా," అంటూ మారక్క కడ్డీని రెండు చేతులా పట్టుకుంది.

ఆమె నోరు తెరుచుకుంది. అరుపు రాలేదు. ఒళ్లంతా బిగుసుకుపోయింది. వీధిలో అందరినీ నవ్వించే పిల్ల కదా, ఇదీ ఒక వేషమే అనుకుని గోవిందప్ప పెళ్లాం లక్ష్మక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే మారక్క కళ్లు చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

గోవిందప్ప మళ్లీ ఆ ఎండుకర్రే అందుకుని కొక్కేన్ని కొట్టి ఊడగొట్టాడు. మారక్క పట్టుతోపాటే నేలకు దిగింది. పెళ్లయి రెండేళ్లు నిండని పిల్ల. ఆమె అత్త నాగమ్మ చేతిలో గంజికుండతో వచ్చి, కుండను జాగ్రత్తగా కింద పెట్టి, అప్పుడు కూలబడింది.

ఆ స్తంభం ఉన్నచోట నిరుటిదాకా ఒక రాతిగూటం ఉండేది. పడుగులు కట్టుకోవడానికి తాతలనాడు నాటుకున్న రాయి. ధర్మవరానికీ పెనుకొండకూ మధ్యనున్న ఆ ఊరికి కొత్తగా మునిసిపాలిటీ వచ్చింది, దాని వెంట వీధిదీపాలు వచ్చాయి. కాంట్రాక్టరు కూలీలు కొత్త గుంత తవ్వే శ్రమ తప్పుతుందని ఆ రాతిని పెకలించి, అదే గుంతలో ఇనుపస్తంభం దించారు. వీధివాళ్లు గొడవపడితే కాంట్రాక్టరు నవ్వాడు. "రాయి పోతే ఇనుము వచ్చె గదప్పా! దీనికే కట్టుకోండి, ఏనుగు లాగినా ఊడదు" అన్నాడు. దీపాలు వెలిగించిననాడు చైర్మన్ వీరభద్రయ్య కూడా ఆ మాటే మైకులో అని చప్పట్లు కొట్టించుకున్నాడు. స్తంభం పాత రాయి ఉన్నచోటే నిలిచింది కనుక వీధివాళ్లకు అది పేరుకే కరెంటు స్తంభం. పనికి మాత్రం తమ గూటమే. వానలు లేనన్నాళ్లు అది ఎవరినీ ఏమీ చేయలేదు. ముందురోజు రాత్రి మొదటి వాన పడింది.

మధ్యాహ్నానికి మునిసిపాలిటీ ఓవర్సీరు, కరెంటాఫీసు సూపర్‌వైజరు వచ్చారు. ఇద్దరూ చెప్పులు విప్పకుండా, స్తంభానికి చాలా దూరంగా నిలబడ్డారు.

"తీగ మీది," అన్నాడు ఓవర్సీరు.

"తీగ మాదే. తీగలో కరెంటు ఉండటం తప్పు కాదు కదండీ. అది స్తంభంలోకి దిగడం తప్పు. స్తంభం నాటించింది మీరు."

"దిగింది మీ తీగలోంచే."

"మీ దీపం బిగించిన చోటి నుంచి."

నేత కార్మికుల సంఘం శంకరప్ప గుంపులోంచి ముందుకొచ్చాడు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. "కరెంటుకు చదువు రాదు సార్. యాడ మీ హద్దు అయిపోతాదో, యాడ వాళ్ల హద్దు మొదులైతాదో దానికి తెలీదు. ముందు దాన్ని ఆపండి."

"ఆపమని మునిసిపాలిటీ రాసివ్వాలి," అన్నాడు సూపర్‌వైజరు.

"రాసిస్తే స్తంభం మాదని ఒప్పుకున్నట్టు," అన్నాడు ఓవర్సీరు.

శవం పక్కనుంచి నాగమ్మ లేచి వచ్చింది. ఆమె కళ్లలో తడి లేదు. "నాయనా, నా కోడలు మీ ఇద్దరిలో యెవురి కరెంటుకు సచ్చిపాయనో మీరు నిదానంగా తేల్చుకోండి. తేల్చుకునేలోగా ఈ వీధిలో ఇంగెంతమంది సావల్లనో అది చెప్పి పోండి."

ఇద్దరూ ఒకే జీపెక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం స్తంభం మీద దీపం వెలిగింది. మారక్కను పూడ్చిపెట్టి వచ్చిన మగవాళ్లు వీధి మలుపులోనే నిలబడిపోయారు. ఎక్కడో ఎవరో మీట నొక్కారు, ఇక్కడ పచ్చటి వెలుతురు వచ్చి పడింది. ఇళ్లల్లోకి పోవాలంటే ఆ వెలుతురులోంచే పోవాలి. గోడలకు ఆనుకుని, ఒకరి వెనక ఒకరు, దొంగల్లా తమ ఇళ్లకు తాము చేరారు.

మర్నాడు స్తంభం చుట్టూ కంప కొట్టి వేశారు. లక్ష్మక్క తన నాలుగేళ్ల కూతురి నడుముకు పాత చీరపేలిక కట్టి, రెండో కొస మగ్గం గుంజకు ముడేసింది. పిల్ల ఏడ్చి ఏడ్చి ఆ ముడి దగ్గరే నిద్రపోయింది. తుంపర పడినప్పుడు స్తంభం సన్నగా, దోమ చెవిలో మూలిగినట్టు మూలిగేది. ఆ మూలుగు తనకొక్కదానికే వినబడుతోందేమోనని లక్ష్మక్క భయపడింది. పక్కింటి సోమక్కను అడిగితే, "అయ్యో, నాకూ ఇనబడతాండాది వదినా. నువ్వు భయపడతావని చెప్పలేదు," అంది. అప్పుడు లక్ష్మక్కకు ఇంకా భయమేసింది.

నాగమ్మ ఇంటి వైపు ఆమె తలెత్తి చూడలేకపోయేది. గొలుసు తగిలించింది తన మొగుడు. నవ్వింది తను.

మారక్క దినం కాకముందే తలారి తప్పెట కొట్టుకుంటూ వచ్చాడు. మునిసిపాలిటీ లైసెన్సు లేకుండా ఇకమీదట ఎవరూ వీధుల్లో పడుగులు పరచకూడదు. పరిస్తే కేసు.

వీధి లేకపోతే పడుగు లేదు. అంత పొడుగు పట్టును ఏ ఇంట్లో చాపుతారు? మగ్గాల మీదున్న చీరలు అయిపోతూ వచ్చాయి. ఒక్కో ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోతుంటే, తర్వాత ఆగేది తమ మగ్గమేనని పక్క ఇంటివాళ్లు లెక్క పెట్టుకునేవారు. లైసెన్సు కోసం పోయినవాళ్లను గుమాస్తా గుమ్మంలోనే నిలబెట్టి, "చైర్మన్‌గారే వస్తారు మీ వీధికి" అన్నాడు.

వీరభద్రయ్య వచ్చి ముసలి నేతగాడు మల్లప్ప అరుగు మీద కూర్చున్నాడు. ఆయనా నేసేవాళ్ల ఇంట్లో పుట్టినవాడే. ఇప్పుడు పట్టు ఇచ్చేదీ ఆయనే, చీరలు తీసుకునేదీ ఆయనే. వరసకు లక్ష్మక్కకు మామ అవుతాడు. వేసిన కుర్చీని తానే తిప్పుకుని, స్తంభానికి వీపు పెట్టి కూర్చోవడం లక్ష్మక్క గమనించింది.

"మీ కడుపు కొట్టాలని నాకేమన్నా ఆశా?" అన్నాడు. "పైనుంచి అడుగుతాండారు, ఆ పిల్ల ఎట్ల సచ్చిందని. ఒక మాట చెప్పండి చాలు. స్తంభానికి కట్టొద్దని మునిసిపాలిటీ ముందే చెప్పింది, గోవిందప్ప ఇనకుండా కట్టినాడు. స్టేషన్లో పదిమంది ఈ మాట చెప్తే వీధి మొత్తానికి లైసెన్సులిప్పిస్తా."

"గోవిందప్పకేమైతాది షావుకారూ?" అని మల్లప్ప అడిగాడు.

"ఏమైతాది, కొన్నాళ్లు పెనుకొండ సబ్‌జైల్లో ఉంటాడు. వాని పెండ్లాం పిల్లల్ని నేను చూసుకోనా?" అని లక్ష్మక్క వైపు తిరిగి నవ్వాడు. "రేపు పొద్దునకు చెప్పండి. చెప్పకపోతే మాత్రం, కేసు గోవిందప్ప ఒక్కని మీదనే ఉండదు."

ఆయన పోయాక ఎవరూ లేవలేదు. అందరికీ నోట్లో ఒకే మాట ఉంది, ఎవరూ ముందు అనడం లేదు. చివరికి మల్లప్పే అన్నాడు. అందరికంటే పెద్దవాడు, అందరికంటే పెద్ద సంసారం.

"ఒక్క మాట గదప్పా. పిల్లోళ్లు రాగి గంజి గూడా లేక పండుకుంటాండారు. గోవిందప్పను సంపమంటాండారా యేమి?"

"నీ కొడుకైతే చెప్తావా ఈ మాట?" అని శంకరప్ప లేచాడు.

"నీకేమప్పా, పెండ్లా పెటాకులా! జెండా పట్టుకొని అరిచేకి బాగుంటాది. రేపు జవాను వచ్చి పిర్రల మీద నాలుగు పెరికితే తెలుస్తాది!"

"కొట్టనీలే. నువ్వు కొట్టించుకోకుండానే వంగినావు గదా!"

"ఒరే, నోరు మూయండ్రా!" అని గోవిందప్ప అరిచాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేనే తగిలిస్తి. అదైతే అబద్ధం గాదు గదా. నేనే పోయి చెప్తా."

లక్ష్మక్క లేచి అతని చెయ్యి పట్టుకుంది. పోవద్దు అంటే వీధి మాడిపోతుంది, పో అంటే తన ఇల్లు ఆరిపోతుంది. అందరూ తననే చూస్తున్నారనిపించి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న నాగమ్మ మాట్లాడింది. "గోవిందా, కూసో. నువ్వు తప్పు చేసినావని చెప్తే, స్తంభం తప్పు చేయలేదని చెప్పినట్టే. నువ్వు జైలుకు పోతావు. అది ఈడనే నిలబడుంటాది. దాన్ని తాకేవాడు ఉండడు, ఆపేవాడు ఉండడు. నా కోడలు మొగం సూసి చెప్పు, నిన్ను జైల్లో పెడితే నాకేమొస్తాది?"

లక్ష్మక్క ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నాగమ్మ ముఖంలోకి చూసింది. అందులో తన మీద కోపం లేదు.

"సరే అవ్వా," అన్నాడు శంకరప్ప, "లైసెన్సు ఇస్తాననె గదా షావుకారు. ఇస్తే పడుగు దేనికి కట్టుకోవల్లనో అడిగినామా మనం? రాయి ల్యాకపాయె. ఉండేది ఆ స్తంభమొక్కటే."

ఎవరూ అడగలేదు. పదిమంది పెద్దలున్నారు, ఒక్కరికీ తట్టలేదు. లైసెన్సు మాట వినగానే అందరి బుర్రల్లో మగ్గాలు ఆడడం మొదలుపెట్టాయి. ఆ పడుగు కొసను ఎక్కడ కట్టాలో ఎవరూ ఆలోచించలేదు. మల్లప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"కట్టేకి చోటు లేదంటే మనుషులే పట్టుకోవల్ల," అని గొణిగాడు.

"నేను పట్టుకోను!" అని లక్ష్మక్క కేకపెట్టింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నాకు బయం. ఆ దీపం కింద నేను కడ్డీ పట్టుకోను. సంపినా పట్టుకోను. ఇంగ యాడైనా పట్టుకుంటా గానీ ఈడ పట్టుకోను!"

నాగమ్మ ఆమెవైపు తిరిగింది. "మంచిమాట చెప్పినావు బిడ్డా. ఈడ వద్దు. వాళ్లాఫీసు ముందర పట్టుకుందాం."

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

పొద్దున్నే బయలుదేరారు. వీరభద్రయ్య ఇచ్చిన మెరూన్ రంగు పట్టుతో లక్ష్మక్క వాళ్లు సిద్ధం చేసుకున్న పడుగును చుట్టి ఇద్దరు భుజాల మీద మోశారు. గంజికుండలు ఆడవాళ్ల చంకల్లో ఉన్నాయి. పనికి పోతున్నట్టే పోయారు. మునిసిపాలిటీ గేటుకు అడ్డంగా మొదలుపెట్టి, బస్సు రోడ్డును ఐమూలగా మూసేస్తూ, ఎదుటి కాఫీ హోటలు దాకా పడుగు పరిచారు. కొసలు దేనికీ కట్టలేదు. ఈ చివర గోవిందప్పా ఇంకో నలుగురూ, ఆ చివర మల్లప్ప కొడుకులూ కడ్డీలు పట్టుకుని లాగి నిలబడ్డారు. మల్లప్ప కూడా వచ్చాడు. ఒప్పుకుందామన్నవాడే అందరికంటే ముందే వచ్చి, "కొస వంకర పోతాండాది, సూసుకోండ్రా," అని తిడుతూ నిలబడ్డాడు.

ఆ సీమలో పరిచిన పడుగును ఎవరూ దాటరు. ఎద్దులబండి అయినా ఆగాల్సిందే, పెళ్లివాళ్లయినా చుట్టూ తిరిగి పోవాల్సిందే. ముదిగుబ్బ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి, పడుగును చూసి, చెయ్యి తీసి, బీడీ వెలిగించుకున్నాడు.

వీరభద్రయ్య ఆఫీసుకు వచ్చాడు. గుంపు చీలి దారి ఇచ్చింది. పడుగు దాకా వచ్చి ఆయన ఒక కాలెత్తాడు. అది గాలిలో ఒక్క క్షణం నిలిచి, వచ్చిన చోటికే తిరిగి దిగింది.

"ఎవరు చెప్పినారు ఈడ పరచమని? లైసెన్సు యాడుంది?"

లక్ష్మక్క చేతిలో గంజిచెంబు ఒరిగి ఉంది. నీళ్లు పాదాల మీద చిందుతున్నాయి. "లైసెన్సు ల్యాకనే పరిచినాం మామా," అంది. "ఆ స్తంభం యెవురిదో చెప్పి, ఆపించండి. మేము చుట్టుకొని పోతాం."

"నా పట్టును తెచ్చి రోడ్డు మీద పడేస్తారా?"

"నీ పట్టేనా?" అంది నాగమ్మ. "సూసినారా, ఇది యెవురిదో షావుకారుకు ఎంత బాగా తెలుసునో! స్తంభమొక్కటే తెలీదు!"

బస్సులోవాళ్లు కూడా నవ్వారు. వీరభద్రయ్య ముఖం నల్లబడింది. లోపలికి పోవడానికి లేదు, వెనక్కి పోతే పరువు లేదు. ఎండలో నిలబడి పోలీసులకు కబురు పంపాడు.

పోలీసు లారీ వచ్చింది. దాంట్లోంచి దిగిన ఇన్‌స్పెక్టర్ ఈ ప్రాంతంవాడు కాదు. "గోవిందప్ప ఎవడు?" అన్నాడు. ఎవరూ చూపించలేదు. గోవిందప్పే కడ్డీ వదలకుండా, "నేనే సార్," అన్నాడు. ఇద్దరు జవాన్లు అతని చేతులు విడదీసి లాక్కుపోయారు. ఆ కొస వదులై, పడుగు మధ్యలో నేలవైపు కుంగింది.

లక్ష్మక్క చెంబు వదిలేసి పరుగెత్తింది. ఏం చేస్తోందో తనకు తెలిసేలోపు రెండు చేతులా కడ్డీని పట్టుకుంది. పట్టుకున్నాక తెలిసింది. మారక్క పట్టుకున్నట్టే, కడ్డీ మీద అదే చోట, అలాగే. కాళ్ల కింద గంజి తడి. కళ్లు మూసుకుంది. ఇనుము చల్లగా ఉంది. చల్లగా మాత్రమే ఉంది. వెనక్కి లాగింది. పడుగు మళ్లీ లేచింది.

"దాటి రండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చైర్మన్‌తో.

వీరభద్రయ్య కదల్లేదు.

"అయితే కోయించమంటారా?"

ఆ మాటకు మల్లప్ప చేతులు జోడించాడు. "షావుకారూ, మీ నాయన చేతులతో ఎన్ని పడుగులు సరిచేసినాడు. ఆ మాట మాత్రం అనొద్దు," అన్నాడు. వీరభద్రయ్య అతన్ని చూడలేదు. ఆఫీసు తలుపు వైపు చూస్తూ, "కొయ్యండి," అన్నాడు.

జవాను కత్తి పట్టుకుని నిలబడ్డాడు గానీ చెయ్యి రాలేదు. పక్క ఊరివాడు. ఇన్‌స్పెక్టర్ కత్తి లాక్కుని తానే కోశాడు. బిగిసిన పట్టు గాలి పీల్చినంత చప్పుడుతో తెగింది. అటు పట్టుకున్నవాళ్లు అటు పడ్డారు, లక్ష్మక్క వాళ్లు ఇటు పడ్డారు. మెరూన్ పోగులు రోడ్డు దుమ్ములో చిక్కుపడి కుప్ప అయ్యాయి. కాఫీ హోటల్లో కూర్చున్నవాళ్లు, చావు చూసినట్టు, గ్లాసులు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

గోవిందప్పను, లక్ష్మక్కను, నాగమ్మను, శంకరప్పను లారీలోకి తోశారు. తలుపు పడుతుంటే లక్ష్మక్క, "సోమక్కా! నా బిడ్డ!" అని అరిచింది. "ముడి ఇప్పుతాలే వదినా, నా దగ్గర పెట్టుకుంటా!" అని సోమక్క బదులు అరిచింది. అలా అంటూనే సోమక్క వీధి వైపు పరుగెత్తడం చువ్వల్లోంచి కనిపించింది. మిగతా ఆడవాళ్లు వేరే వీధుల వైపు పరుగెత్తారు. "పడుగు కోయించినాడంట! వీరభద్రయ్య పడుగు కోయించినాడంట!" అన్న కేక ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు అందుకుంటూ దూరమైంది.

లారీలో లక్ష్మక్క చువ్వలకు ఆనుకుని కూర్చుంది. గోవిందప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెనుకొండలో ఏం చేస్తారు? కొడతారా? ఆడవాళ్లనూ కొడతారా? "నాకూ బయంగానే ఉండాది బిడ్డా," అంది నాగమ్మ, అడక్కుండానే.

పెద్దవీధి మలుపులో లారీ ఆగింది.

చువ్వల్లోంచి చూస్తే రోడ్డుకు అడ్డంగా పచ్చ పడుగు. ముసలివాళ్లు, బాలింతలు, మగ్గం గుంతల్లోంచి అప్పుడే లేచి వచ్చిన మగవాళ్లు దాన్ని పట్టుకుని నిలబడ్డారు. కొందరి చేతుల్లో ఇంకా పట్టు చుట్టిన కండెలు ఉన్నాయి. మగ్గం మీదికి ఎక్కాల్సిన పట్టు, రేపటి తిండి, తెచ్చి పోలీసు లారీ ముందు పరిచారు. అందరి ముఖాల్లోనూ భయం ఉంది. లక్ష్మక్క అంత దూరం నుంచే గుర్తుపట్టింది. అది తన భయమే.

డ్రైవరు లారీని వెనక్కి తిప్పి కోమట్ల వీధిలోకి పోనిచ్చాడు. అక్కడ నీలం పడుగు. సందులోంచి చెరకుమండీ వైపు తిప్పాడు. అక్కడ ఇంకా పరుస్తున్నారు. ఆడవాళ్లు గంజి చిలకరిస్తూ, తెగిన పోగులు ముడివేస్తూ, లారీని చూడనట్టే పని చేసుకుంటున్నారు. ఊళ్లో ఎక్కడా మగ్గం చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం ఆ ఊరివాళ్లు ఎప్పుడూ వినలేదు.

"తొక్కి పోనీ!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డ్రైవరు ఇంజన్ ఆపి, తాళం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పెనుకొండకు ఇంకో దారి లేదా?"

"ఇందాకటిదాకా ఉండె సార్," అన్నాడు డ్రైవరు. "ఇప్పుడు ఆడ గూడా పరస్తాండారు."